జేబుకు నాలుగు వేళ్ళ పైన

నూకయ్య గోడ పక్కన నిలబడి, చొక్కా జేబు మీద నాలుగు వేళ్ళు అడ్డంగా పెట్టి, ఆ పైన పెన్సిలుతో గీత గీశాడు. మూడో ప్లగ్గుకు చోటు కుదిరింది. మధ్యాహ్నానికల్లా బిగించేశాడు.

సంచిలో టేపు ఉంది. ముప్పై తొమ్మిదేళ్ళుగా మహారాజులా పడుకునే ఉంది. కొత్తపేట దాటాక ఈ లంకలో కరెంటు పనికి నూకయ్య ఒళ్ళే కొలత. ఎనభై ఆరు వరదలో ఇదే ఇంట్లో నీళ్ళు అతని జేబు అంచుదాకా వచ్చి ఆగాయి. జేబులో బీడీలు తడవలేదు. అప్పట్నుంచి అతను పెట్టే ఏ ప్లగ్గయినా జేబుకు నాలుగు వేళ్ళ పైనే. "వరదే వచ్చి నన్ను కొలిచిందండీ" అనేవాడు. చూడ్డానికి బాగోదని ఎందరు సణిగినా దించలేదు. పాపం, లోకంలో అతని మాట చెల్లింది ఆ ఒక్కదాంట్లోనే.

సాయంత్రం ఫ్రిజ్జు దగ్గరి పాత చెక్క ప్లగ్గుపెట్టె విప్పబోయాడు. వరద తీసిన ఏడాది తనే బిగించింది. అలవాటుగా పక్కన నిలబడి వేళ్ళు పెట్టాడు. నాలుగు చాలలేదు. రెండో చెయ్యీ పెట్టాడు. ఎనిమిదీ చాలలేదు. ఇంకో రెండు వేళ్ళు పట్టి, మొత్తం పదయ్యాయి.

ఇల్లు పెరగదు. అరవై ఎనిమిదేళ్ళ నడుం వంగి, మోకాళ్ళు వంకర తిరిగి, తనే ఆరు వేళ్ళు కుంగిపోయాడు. ఈవేళ బిగించిన మూడూ వరద గీతకు రెండు వేళ్ళ కిందున్నాయి. ఈవేళ్టివే అయితే బాగుండును. ఆరేడేళ్ళలో పాతిక ఇళ్ళకు వైరింగు మార్చాడు. ఏ ఇంట్లో ఎంత తగ్గిందో! నూకయ్యకు భయమేసింది. సిగ్గూ వేసింది.

"అమ్మగారండీ, ఈ మూడూ పైకి జరపాలండి. కొలత తప్పేనండి."

ఇంటి కోడలు లక్ష్మీతులసి గోడకేసి చూసింది. "మళ్ళీ గోడ కొడతారా అండీ? పొద్దున్నే రంగులోళ్ళు వచ్చేస్తారు. అంత వరద మళ్ళీ వస్తుందేంటండీ? ఉండనివ్వండి."

"ఆయ్" అన్నాడు. బతుకంతా ఆ మాటే అన్నాడు.

ఆవిడ టీ పెట్టడానికి వెళ్ళగానే మొదటిసారి టేపు తీశాడు. పాత పెట్టె ఎత్తు కొలిచి, కొత్త ప్లగ్గులపైన మూడు గుర్తులు పెట్టాడు. ఉలి ఆనించాడు. వంటింట్లోకి సుత్తి దెబ్బలు రెండు వినిపించాయి. మూడోది వినపడలేదు.

టీ తెచ్చేసరికి నూకయ్య గోడకానుకుని కూర్చుని ఉన్నాడు, తల జేబు మీదికి వాలిపోయి. పిలిస్తే పలకలేదు.

రంగులోళ్ళు రెండు రోజులాగి వచ్చారు. ఉలి దెబ్బలకు లప్పం పెట్టారు. పెన్సిలు గుర్తులు రెండో కోటుకు కనబడకుండా పోయాయి. వాటికింద మూడు ప్లగ్గులూ తెల్లగా, ముచ్చటగా ఉన్నాయి. మొదటిదానికి ఫ్రిజ్జు తగిలించారు.