దక్మ పలికిన పేరు

అలా కాదు తల్లీ, పలక మీద యుద్ధం సంగతి రాయకు. గెలిచినవాళ్లు అది రాళ్ల మీద చెక్కించుకున్నారులే. నువ్వు దక్మ పిండి విసరడం దగ్గర మొదలుపెట్టు.

మొగుడు రాజయ్యాక కూడా దక్మ తిరగలి వదల్లేదు. "రాణివై ఉండి ఇదేం పనే?" అనేవాడు ఉమిజ్జ. ఆమె మానేస్తే తన వెంట తిరిగే మందకి రొట్టెలెవరు కాలుస్తారో మాత్రం చెప్పేవాడు కాదు. అతను అంతకుముందు శూషా నగరంలో కుండలు చేసుకునే మనిషి. పర్షియావాళ్ల పెత్తనానికి ఒళ్లు మండి, చచ్చిపోయిన మన పాత రాజు కొడుకునన్నాడు, ఆ రాజు పేరే పెట్టుకున్నాడు. మనవాళ్ల తిరుగుబాట్లన్నీ అంతేగా, పాత పేరు దొరకందే కత్తి పట్టరు. జనం నమ్మారు. దక్మని ఎవరూ అడగలేదు.

ఒకరోజు అలవాటుకొద్దీ, "ఉమిజ్జా, తిందువుగాని రా" అని పిలిచింది. అందరి ముందూ చెంప పగలగొట్టాడు.

"ఇంకోసారి ఆ పేరెత్తితే నాలుక కోస్తా."

"రాణిగారికి ఇంకా కుమ్మరి వాసన పోలేదయ్యా" అన్నాడొకడు. అంతా నవ్వారు.

దెబ్బ కన్నా ఆ నవ్వు మండింది ఆమెకి. అతను కట్టుకున్న రాచబట్ట కుట్టింది తను. ఆ నవ్విన నోళ్లకి తిండి పెట్టింది తను. ఆఖరికి మొగుడి పేరు కూడా తన నోట్లో ఉండకూడదా అనుకుంది. ఆనాటి నుంచి అతన్ని ఏమనీ పిలవలేదు.

పర్షియా సైన్యం వస్తోందనగానే, నవ్వినవాళ్లే అతన్ని కట్టి అప్పగించారు. కోట గుమ్మంలో కూతుర్ని పట్టుకుని నిలబడ్డ దక్మని పర్షియా సేనాని అడిగాడు: "ఎవరమ్మా ఇతను? నిజంగా రాజు రక్తమైతే నీ కూతుర్ని ఇక్కడ వదలం, మాతో తీసుకుపోతాం. అబద్ధాలకోరైతే నువ్వూ పిల్లా ఇంటికి పొండి."

"రాజునని చెప్పవే" అన్నాడు ఉమిజ్జ, నెత్తురు కారే నోటితో. "ఎలాగూ చంపుతారు. రాజుగా చావనీ."

పిల్ల వంక చూడనైనా లేదు. దక్మకి అతని మీద జాలేసింది. ఆ జాలితోనే కదా ఇన్నాళ్లూ విసిరింది, కుట్టింది, ఊరుకుంది.

"ఉమిజ్జ" అంది. "కుమ్మరి. నా మొగుడు."

అతను తిట్టలేదు. తల దించుకుని ఏడ్చాడు.

అతన్ని చంపారు, దక్మ పిల్లతో ఇంటికొచ్చింది. బతికినన్నాళ్లూ ఊరు ఆమెని మొగుణ్ణి మింగిందనే అంది. కట్టి అప్పగించినవాళ్లని ఎవరూ ఒక్క మాటా అనలేదు.

చాలు తల్లీ. మట్టిపలక ఆరాక తీసుకెళ్లి మీ అత్తకి నువ్వే చదివి వినిపించు. మీ మావ కూడా మొన్న పేరు మార్చుకున్నాడట.