మునిరత్నమ్మ తిన్న దీపం

"తళిగ వేసి గోవింద చెప్పిందాకా నోట్లో ఏమీ వేసుకోబాక మునిరత్నా," అన్నది అత్త చెంగమ్మ. కోడలికి ఈ మాట చెప్పడం ఇది పంతొమ్మిదో ఏడు.

వెంకటేశ్వరస్వామికి ప్రీతి అని కొలిచే పెరటాసి నెలలో శనివారం వస్తే తిరుచానూరులోని ఆ ఇంట్లో తెల్లారకముందే పొయ్యి రాజుకుంటుంది. అన్నం, పులిహోర, చక్కెర పొంగలి, వడలు, బెల్లం కలిపిన బియ్యప్పిండితో దీపాలు. అన్నీ అరిటాకులో స్వామి ముందు పెట్టడమే తళిగ. పిండి దీపాల్లో నెయ్యి పోసి వెలిగించి, అందరూ గోవిందా అన్నాకే ఎవరికైనా ముద్ద. వండిన మనిషికి ఆఖరి ముద్ద. వండేటప్పుడు ఉప్పు చూసినా దోషమే. మగవాళ్ల కాఫీకి మాత్రం ఏ దోషమూ లేదు.

ఆ శనివారం సత్యవేడు నుంచి ఆడబిడ్డ తిరుమలమ్మ ఎనిమిది మందితో దిగింది. తళిగ తిని కొండకు పోతారు. తిరుపతి పక్కన కాపురమంటే ఇంతే మరి. కొండకు వచ్చిన చుట్టానికల్లా ఆ ఇల్లే సత్రం. సత్రంలో అయినా వంటమనిషికి జీతముంటుంది.

ఆరేళ్ల కిందట మునిరత్నమ్మ వేళ్ల కీళ్లు వాచి ముడుచుకుపోయాయి. కీళ్లవాతమన్నారు. రోజుకొక స్టెరాయిడ్ మాత్ర, అదీ కొన్నాళ్లే, అని రాసిచ్చారు. ఆ తెల్ల మాత్ర మింగితే వేళ్లు విచ్చుకునేవి, రుబ్బురోలు తిరిగేది. లాడ్జీలో గుమాస్తాగా చేసే మొగుడు దామోదరం పాత చీటీ చూపించి షాపులో అడిగినన్ని తెచ్చేవాడు. "అక్కావాళ్లు వస్తాండారు, ఇంకోటి ఏసుకో. ఏం కాదులే." చుట్టాలొస్తే రెండు. బ్రహ్మోత్సవాలకు నాలుగు. ఆ తరువాత ఉత్సవాలు లేకపోయినా నాలుగే.

మూడు వారాల కిందట దాహం, నీరసం, మానని పుండుతో తిరుపతి ఆసుపత్రికి పోతే షుగరు నాలుగు వందలుందన్నారు. డాక్టరమ్మ అంతా విడమరిచి చెప్పింది. "ఇది ఈ మాత్రలు తెచ్చిపెట్టిన షుగరమ్మా. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది, మెల్లగా తగ్గిద్దాం. అందాకా ఇన్సులిన్ వేసుకో. సూది వేసుకున్న అరగంటలో కచ్చితంగా తినాలి. చెమటలు పట్టి వణుకొస్తే వెంటనే తీపి నోట్లో వేసుకో." ఆ తరువాత కళ్లద్దాల మీదుగా చూస్తూ అడిగింది. "రోజుకు నాలుగు మింగమని నీకెవరు చెప్పారు?"

దామోదరం పక్కనే నిలబడి గోడమీది క్యాలెండరు చూస్తున్నాడు.

"నేనే మేడమ్," అన్నది మునిరత్నమ్మ.

ఆ ఒక్క మాటతో పాపమంతా ఆమె కొంగున ముడిపడింది. ఇంటికొచ్చినాక దామోదరం వీధిలో అందరికీ చెప్పాడు, "నోరు కట్టుకోలేక తెచ్చుకునింది." చెంగమ్మ ఇన్సులిన్ సీసాను ఫ్రిజ్జులో పెట్టనీయలేదు. "ఎద్దుదో పందిదో ఆ మందు! పెరటాసి నెల్లో దేవుడి పాల పక్కన యాడ పెడతావు?" మునిరత్నమ్మ దాన్ని పెరట్లో తడి ఇసుక నింపిన కుండలో పెట్టుకుంది. అదీ న్యాయమే అనుకుంది. మొగుడి మాట నిజం కాదని తెలుసు. అయినా, పెళ్లిళ్లలో తిన్న జిలేబీలు, కూతురు జాహ్నవి మిగిల్చిన బిస్కెట్లు, పారేయలేక నోట్లో వేసుకున్న అడుగు పాయసం ఒక్కొక్కటే గుర్తుచేసుకుని నేరం ఒప్పుకునేది. పొట్టమీద సూది దిగినప్పుడల్లా నొప్పి కన్నా ముందు సిగ్గు పుట్టేది. ఇంటికి ఖర్చయిపోయాను, పనికి అడ్డమైపోయాను, ఇదీ ఆమె లోపలి జపం. ఆడదానికి రోగమొస్తే మందు కన్నా ముందు క్షమాపణ వెతుక్కుంటుంది. ఎవరు నేర్పారో ఈ విద్య!

ఆ పొద్దున కూడా అదే తప్పు భయంతో ఏడున్నరకు పెరట్లోకి పోయి సూది వేసుకుంది. సూది మానితే డాక్టరమ్మకు తప్పు. తింటే దేవుడికి తప్పు. రెండూ పాటిస్తే ఎవరికీ తప్పు లేదనుకుంది. తన ఒంటికి జరిగే తప్పు ఆ లెక్కలోకే రాలేదు.

తొమ్మిదయ్యేసరికి వడల పిండి రుబ్బింది, పొంగలి దించింది. దీపాలకు పిండి కలుపుతుంటే వీపంతా చెమట కారింది. కళ్ల ముందు ఇత్తడి బిందెలు రెండు రెండుగా కనిపించాయి. చేతులు, ఆనక పెదాలు, ఆనక ఒళ్లంతా వణికింది.

"ఏమ్మే, అప్పుడే అలిసిపోయినావా? నేనైతే జరమొచ్చినా పదిమందికి చేసిపెడతా," అన్నది తిరుమలమ్మ గడపలో కూర్చుని వక్క నములుతూ.

చక్కెర డబ్బా అటక మీదుంది. లేచే శక్తి లేదు. చేతిలో మాత్రం బెల్లం పిండి ఉంది. ఇంకా వెలిగించని దీపం. దేవుడికన్నా ముందు నేనా? పంతొమ్మిదేళ్ల నియమం అడ్డం పడింది. ఇంకొక్క నిమిషం ఆగితే పొయ్యిలోకి తూలి పడతానని ఒంటికి తెలిసిపోయింది. ఆ దీపాన్ని రెండు చేతులా నోట్లో కుక్కుకుంది. ఒకటి, ఇంకొకటి.

చెంగమ్మ వచ్చి చూసి నోరు తెరిచింది. ఈ ఇంటి కోడలు దీపం తినదు. తింటే అది దేవుడే అయ్యుండాలి.

"సామి వచ్చినాడే! ఒరే దామోదరా, కర్పూరం తీసకరా!"

క్షణంలో ఇల్లంతా వంటింట్లోకి వచ్చిపడింది. గోవిందా అని కేకలు. జుట్టు ముడి ఎవరో విప్పేశారు. నుదుట ఇంత పసుపు మెత్తారు. తిరుమలమ్మ వక్క ఉమ్మేసి వచ్చి కాళ్లమీద పడింది. "మా పిల్లోడు గిరిప్రసాదుకు ఉద్యోగం యెప్పుడొస్తాది సామీ?" పంతొమ్మిదేళ్లలో ఏనాడూ పేరు పెట్టి కూడా నిమ్మళంగా పిలవని దామోదరం చేతులు కట్టుకున్నాడు. "ఏం కావాల సామీ? సెప్పండి, తెప్పిస్తా."

బెల్లం రక్తంలోకి దిగుతోంది. బిందెలు మళ్లీ ఒక్కొక్కటయ్యాయి. మునిరత్నమ్మకు అంతా తేటగా కనిపించింది, తన పాదాల దగ్గరున్న ఆడబిడ్డ నెత్తితో సహా. ఒక్క మాట చాలు. ఈ ఇంటి కోడలిచేత వెట్టి చేయించొద్దు అని దేవుడి గొంతుతో అంటే చాలు, రేపటి నుంచి అంతా మారిపోతుంది. నోరు కూడా తెరిచింది.

దేవుడి పేరుతో అబద్ధమా? అంతకన్నా, దేవుడు దిగిపోయాక రుబ్బురోలు దగ్గర మిగిలేది ఎవరు? సామికి ఆకలైతే కాళ్లు మొక్కుతారు. మునిరత్నమ్మకు ఆకలైతే?

"సామి లేడు వదినా," అన్నది. "నేనే. ఆకలై తిన్నా."

కర్పూరం పళ్లెం చెంగమ్మ చేతిలో అట్లే ఆగిపోయింది. "పాపిష్టిదానా! తళిగ మైలబడిపోయిందే!"

దామోదరం కట్టిన చేతులు విప్పాడు. "అందరి ముందర పరువు తీసినావు గదే. చేతనయ్యేట్టు లేకుంటే ఇంకోటి ఏసుకో. లేసి వడలు కాల్చు."

"ఆ మాటే," అన్నది మునిరత్నమ్మ. "ఇంకోటి ఏసుకోమన్నది ఎవరని ఆ పొద్దు డాక్టరమ్మ అడిగింది. నేనే అన్నా. అబద్ధం చెప్పినా. సోమవారం పోయి నిజం చెప్తా."

తప్పు చేశానన్న బరువు ఆమె గుండెల మీద అట్లే ఉంది, ఇసుమంతైనా తగ్గలేదు. తగ్గిందాకా ఆగితే ప్రాణం ఆగదని మాత్రం తెలిసింది. గోడ పట్టుకుని లేచి, పీట లాక్కుని కూర్చుంది. గడప దగ్గర బిక్కమొహం వేసుకుని నిలబడిన కూతురి వైపు చూసింది.

"జాహ్నవీ, ఒక ఆకు తేమ్మా. నాకు అన్నం పెట్టు."

స్వామి ముందు ఆకు ఇంకా ఖాళీగానే ఉంది. మునిరత్నమ్మ మొదటి ముద్ద కలుపుకుంది.