రెండో చిల్లు

బండి మళ్లీ స్కూలు గోడ మలుపు దగ్గరే ఆగిపోయింది.

మా గేటు నుంచి అక్కడికి నాలుగు కిలోమీటర్లు. మూడు రోజుల్లో ఇది ఐదోసారి. ఆగిన ప్రతిసారీ అదే గోడ, అదే కరెంటు స్తంభం. ముప్పై ఏళ్లుగా రంగుల దుకాణం నడుపుతున్నాను, కొలతలో ఇంత నిజాయితీ ఏ మనిషిలోనూ చూడలేదు.

దిగి, పెట్రోలు అయిపోయిందేమోనని ట్యాంకు మూత తీసి బండిని అటూ ఇటూ ఊపాను. లోపల గలగలమంది. మూత బిగించి కిక్కు కొడితే ఒక్క దెబ్బకే స్టార్టయింది. బుద్ధిమంతురాలిలా వెనక్కి తిరిగి, మా వీధి మొదట్లోకి వచ్చాక మళ్లీ చచ్చింది. అక్కణ్ణుంచి తోసుకుంటూ వచ్చాను.

వరండాలో పీట మీద మా బావ కూర్చుని ఉన్నాడు. నన్నూ బండినీ చూసి, ఒళ్లో ఉన్న గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

ఆయన మా అక్క మొగుడు. నలభై ఏళ్లు మెకానిక్ షెడ్డు నడిపాడు. వీధి చివర బండి శబ్దం వినిపిస్తే చాలు, ఇక్కడ కూర్చుని దాని జబ్బు చెప్పేవాడు. ఈ బండి ఇంజను ఆయనే మూడుసార్లు విప్పి బిగించాడు. అలాంటివాడు పోయినేడు జ్వరంపడి లేచినప్పటి నుంచి కొంచెం తేడాగా ఉన్నాడు. ఒకసారి కళ్లజోడు ఫ్రిజ్‌లో పెట్టాడు. ఒకసారి పక్కింటాయన్ని, చనిపోయిన తన అన్న పేరుతో పిలిచాడు. అవి రెండూ ఎవరైనా చేసే పొరపాట్లే. కానీ ఇంట్లోవాళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. తరుగు కోసం వెతికేవాడికి ఏ మూటలోనైనా తరుగు దొరుకుతుంది.

ఎండాకాలం నుంచి మూలన పడి ఉన్న బండిని ఈ వారమే బయటికి తీశాను. సరదాగా ఉంటుంది, మనిషి కూడా కుదుటపడతాడు అని బావని నేనే పిలిచాను. ఆ లెక్క ఎక్కడ తప్పిందో తెలియలేదు. ఆ ఉదయమే మా అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఎందుకు పిలిచావురా ఆయన్ని? రాత్రి అన్నం సగంలో లేచిపోయాడు. ఈ బండి కూడా అంతు చిక్కకపోతే షెడ్డులో వాడిన పానాలన్నీ పాత సామాన్లవాడికి ఇచ్చేస్తాడంట. బుర్ర పోయాక చేతులెందుకూ అంటున్నాడు. ఆదివారం రమ్మని వాడికి కబురు కూడా పెట్టేశాడు."

"ఊరికే అంటాడే అక్కా."

"ఊరికే అనేవాడు గోనెసంచి ఉతికి ఆరేసుకుంటాడా?"

ఆ రోజు శుక్రవారం. బుధవారం బావ ప్లగ్గు మార్చి, కార్బొరేటర్ విప్పి కడిగాడు. గురువారం కాయిల్ మార్చాడు. ఇప్పుడు ట్యాంకు ఊడదీసి, దాని చోట పెట్రోలు నింపిన మూతలేని సీసా వేలాడదీసి, పైపు తగిలించాడు. స్టాండు వేసి ఉన్న బండి ముప్పావుగంట ఆగకుండా మోగింది. పక్కింటావిడ కిటికీలు వేసుకుంది.

"సీసాతో నడుస్తోందంటే ట్యాంకులోనే ఏదో ఉంది" అన్నాడు బావ. మొహంలో కాస్త కళ వచ్చింది.

ఇద్దరం ట్యాంకుని మూడుసార్లు కడిగాం. చిటికెడు తుప్పు కూడా రాలేదు. బిగించి, పెట్రోలు పోసి, పైపు లాగి చూస్తే ధార ధారగా కారింది. బావ ఆ ధార కింద వేలు పెట్టి చూశాడు.

"ప్లగ్గులో లేదు. కార్బొరేటర్‌లో లేదు. ట్యాంకులో లేదు. మరెక్కడుందిరా? నా తలకాయలో ఉందా?"

"నీ తలకాయకి పైపు ఎక్కడుంది బావా, తగిలించడానికి?"

బావ నవ్వలేదు. ట్యాంకు మూతని చేతిలో పట్టుకుని, బొటనవేలితో పైనంతా తడిమాడు. బుధవారం కూడా అలాగే తడమడం చూశాను.

"ఏంటి బావా?"

"ఏం లేదులే" అని బిగించేశాడు.

మా ఆవిడ టీ తెచ్చింది. "అన్నయ్యగారూ, దాన్ని పాత సామాన్లకి వేసేయకూడదూ? వరండా అన్నా మిగుల్తుంది."

బావ గ్లాసు అందుకోలేదు. "వేసేద్దాం చెల్లెమ్మా. దాంతోపాటు నన్ను కూడా" అని లేచి వెళ్లిపోయాడు. తన పానాల పెట్టె తీసుకెళ్లడం మాత్రం మర్చిపోలేదు.

శనివారం దుకాణంలో కూర్చున్నానే గాని మనసు బండి మీదే ఉంది. వ్యాపారంలో సరుకు పోతే ఎలుకో, ఎండో, దొంగో, ఏదో ఒక దారి ఉంటుంది. దారి లేకుండా పోయే సరుకు నేనెరగను. ఈ బండి ఒక చోట ఆగుతుంది, నేను ట్యాంకులోకి తొంగిచూస్తే నడుస్తుంది. నా మొహం చూస్తే దానికి భయమా?

పదకొండింటికి ఒక పెయింటరు వచ్చాడు. థిన్నర్ డబ్బాకి నా ముందే మేకుతో ఒక చిల్లు కొట్టి తన సీసాలోకి వంచాడు. గుక్క పడింది, ఆగింది. డబ్బా ఊపాడు. మళ్లీ గుక్క పడి ఆగింది.

"ఏంటి సార్, సగం డబ్బా అంటగట్టారా?"

"కొత్తగా వచ్చావా పనికి? ఇటు మూల ఇంకో చిల్లు కొట్టు. లోపలికి గాలి పోకపోతే అది బయటికెలా వస్తుందయ్యా?" అన్నాను. రోజుకి పదిసార్లు చెప్పే మాటే.

అతను రెండో చిల్లు కొట్టాడు. ధార సాఫీగా కారింది. మూత తీసినప్పుడల్లా బండి ఎందుకు నడిచిందో నాకు అప్పుడు తట్టింది.

శనివారం పన్నెండు కాకుండా షట్టర్ దించడం అదే మొదటిసారి.

ఇంటికొచ్చి ట్యాంకు మూత తీసి వెలుతురులో పట్టుకున్నాను. నల్లగా, నున్నగా ఉంది. గోటితో గీకాను. రాలేదు. చాకు మొనతో గీకితే నల్ల రంగు పెచ్చులా లేచింది. కింద బూడిద రంగు లప్పం. రేకు డబ్బాల చిల్లులు పూడ్చడానికి మా దుకాణంలో వాడేదే. దాన్ని బొటనవేలితో నొక్కి, అంచులు సాపు చేసి, పైన రంగు పూసిన పనితనం చూస్తే చెయ్యి తిరిగినవాడెవడో చేశాడని తెలిసిపోతోంది.

"ఇది ఎవడు చేశాడే?"

మా ఆవిడ నన్ను వింతగా చూసింది. "మీరే కదండీ! ఎండాకాలంలో వరండా అంతా పెట్రోలు వాసన, తలనొప్పి అన్నాను. సరుకు గాల్లోకి పోతోందని మీరే పూడ్చారు. పైన రంగు కూడా వేసి, చూశావా నా పనితనం అని నాకు చూపించారు."

నాకు గుర్తులేదు. కళ్లు మూసుకుని ఎండాకాలమంతా వెతికాను. ఆ మూత లేదు, ఆ లప్పం లేదు, చూశావా అన్న మాట కూడా లేదు.

కుర్చీలో కూర్చుని లెక్క వేశాను. చడీచప్పుడు లేకుండా సూదితో పొడిచేస్తే బండి బాగవుతుంది. నా మరుపు నా దగ్గరే ఉంటుంది. కానీ కారణం లేకుండా బాగైన బండిని చూస్తే మెకానిక్కు ఇంకా బెదిరిపోతాడు. రేపు సామాన్లవాడు సంచి ఎత్తుకుపోతాడు. నిజం చెబితే బావ తప్పుల పక్కన నా తప్పు కూడా చేరుతుంది. రేపటి నుంచి మా ఇంట్లో కూడా ఫ్రిజ్ తెరిచి చూస్తారు. ఎటు తిప్పినా నష్టమే. మోయగలిగింది ఏదో చూసుకుని, మూత జేబులో వేసుకుని అక్క ఇంటికి వెళ్లాను.

బావ నేల మీద కూర్చుని పానాలని సైజుల వారీగా పేర్చి గోనెసంచిలో వేస్తున్నాడు. ఎదురుగా మూత పెట్టాను.

చేతిలోకి తీసుకున్నాడు. పెచ్చు లేచిన చోట వేలు ఆగింది.

"ఇక్కడ గాలి చిల్లు ఉండాలి" అన్నాడు మెల్లగా.

"ఉండేది బావా."

"ఎవడు పూడ్చాడు?"

"నేనేనంట."

"అంట ఏంట్రా?"

"మీ చెల్లెమ్మ చెప్పింది. నాకు గుర్తులేదు."

అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది. బావ మూతని రెండు చేతుల్లో పట్టుకుని అన్నాడు: "బుధవారమే చూశానురా. ఇక్కడ చిల్లు ఉండాలే అనుకున్నాను. లేదు. ఈ బండికి ఉండేది కాదేమో, ఇంకేదో బండితో కలిపేసుకుంటున్నానేమో అనుకున్నాను. నిన్నడుగుదామనుకున్నాను. సిగ్గేసింది. నిన్న మళ్లీ తడిమాను. మళ్లీ సిగ్గేసింది."

"అడగాల్సింది బావా."

"అడిగితే నువ్వేం చెప్పేవాడివి? నీకే గుర్తులేదాయె!"

అప్పుడు నవ్వాడు. భుజాలు ఊగేలా నవ్వాడు. మా అక్క కొంగుతో కళ్లొత్తుకుని, "మరి రేపు ఆ సామాన్లవాడొస్తాడుగా, ఏం చెప్పను?" అంది.

"రానీ. వీడి దుకాణం చూపిస్తా. ఓనరుకి జ్ఞాపకం లేదు, ఉన్నదంతా ఎత్తుకుపోవచ్చని చెప్తా" అని సంచి బోర్లించాడు. పానాలు ఘల్లుమని నేల మీద పడ్డాయి. వాటిలోంచి సన్నటి తీగ ఏరి, లప్పాన్ని గుచ్చి, మూతని నోటి దగ్గర పెట్టుకుని ఊదాడు. గాలి అవతలికి వచ్చింది.

ఆదివారం ఉదయం ఇద్దరం బయల్దేరాం. నేను నడిపాను, బావ వెనక కూర్చున్నాడు. స్కూలు గోడ కనిపించగానే హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాను. మలుపు వచ్చింది, స్తంభం వచ్చింది, రెండూ వెనక్కి పోయాయి. బండి వేగం కూడా తగ్గలేదు. బావ నా వీపు మీద చరిచాడు.

ఇంకో రెండు కిలోమీటర్లు పోయాక నా చెవి దగ్గర అరిచాడు. "ఇంతకీ ఎక్కడికిరా?"

"నువ్వేదో కొనాలన్నావు కదా?"

"నేనా? నువ్వే ఎవరినో కలవాలన్నావు."

అన్నానా? లేదనే అనుకుంటున్నాను. అలాగని మూత సంగతి తెలిశాక గట్టిగా చెప్పడానికి ధైర్యం చాలలేదు. పక్కకి ఆపుదామా అనుకున్నాను. ఆపితే మళ్లీ స్టార్టవుతుందో లేదో అని ఇద్దరికీ లోపల ఎక్కడో ఇంకా భయం.

"ముందు పోనీయ్" అన్నాడు బావ. "గుర్తొచ్చినవాడు చెప్పొచ్చు."