నూనె మిల్లులో పడుగు బాట

చింతపండు జాడీ కోసం ఆ ఆదివారం మా ఇంట్లో చిన్న గొడవ జరిగింది. పొయ్యి మీద పులుసు నీళ్లు కాగుతున్నాయి. అల్మారాలో జాడీ లేదు. వెతుక్కుంటూ ముందు గదిలోకి వెళితే మా ఆయన జగదీశ్ నేల మీద పెద్ద కాగితం పరిచి, అది చుట్టుకుపోకుండా నాలుగు మూలలా బరువులు పెట్టుకున్నాడు. ఒక మూల ఇస్త్రీ పెట్టె, ఒక మూల టార్చిలైటు, ఇంకో మూల మామయ్య రేడియో. నాలుగో మూల నా జాడీ.

“వంటింటి సామాను వంటింట్లనే ఉండాలె. ఎన్నిసార్లు చెప్పాలె మీకు?”

“జర ఆగవే, గీత వంకర పోతది. పదే పది నిమిషాలు.”

“పది నిమిషాలు పొయ్యి ఆగుతదా?”

“ఇయ్యాల పులుసెందుకు, పప్పు చెయ్యరాదు?”

“చింతపండు లేకుండ పప్పు ఎట్లయితది? మీ అమ్మ ఏనాడన్న చేసిందా?”

“నన్నెందుకు నడిమిట్లకు గుంజుతరు?” వెనక గదిలో మగ్గం దగ్గర నుంచి అత్తమ్మ కౌసల్యమ్మ నవ్వింది.

నేను జాడీ తీసేసుకున్నాను. కాగితం మూల గిర్రున చుట్టుకుంది. ఆయన మోకాలితో తొక్కిపెట్టి నా వైపు గుర్రుగా చూశాడు. అప్పుడే ఆ కాగితం మీద ఏముందో సరిగ్గా చూశాను.

అది స్టేషన్ రోడ్డులోని పాత పల్లీనూనె మిల్లు. పదిహేనేళ్లుగా మూతబడి ఉంది. నాలుగెకరాల జాగా, ఎర్ర ఇటుక గోదాము, ఒక బావి, గోడ పొడుగునా వేపచెట్లు. మిల్లు యజమానురాలు రేణుకమ్మ భర్త పోయాక కర్నూలులో కొడుకుల దగ్గర ఉంటున్నది. జాగాను ముక్కలు చేసి అమ్మితే డబ్బు తొందరగా వచ్చేది. ఆమె అలా చేయలేదు. గోదామును కూల్చకుండా కింద దుకాణాలు, ఒక దవాఖాన, పైన ఇళ్లు కట్టించాలనుకున్నది. చెట్ల కింద జనం నడవడానికి బాట కావాలన్నది. 2007 నాటికి మా గద్వాలలోనూ షుగరు వచ్చినవాళ్లకు డాక్టర్లు నడవమని చెప్పడం మొదలైంది. నడవడానికి చోటు లేక వాళ్లు రైల్వే ప్లాట్‌ఫారం మీద తిరిగేవాళ్లు.

జగదీశ్ వనపర్తిలో డిప్లొమా చదివి, పన్నెండేళ్లుగా ఒక ఇంజనీరు దగ్గర ఇళ్ల ప్లాన్లు గీస్తున్నాడు. అన్నిటి కిందా ఆ ఇంజనీరు పేరే ఉండేది. ఈ పనికి రేణుకమ్మ హైదరాబాదు నుంచి ఎవరినైనా పిలిపించుకోవచ్చు. “ఊరి పిల్లగాడు గీస్తే ఊరు తెలిసి గీస్తడు” అని నేరుగా మా ఇంటికి కబురు పంపింది. ఆ ఒక్క మాటకే నేను ఆమెకు మనసులో చాలాసార్లు దండం పెట్టుకున్నాను.

చిత్తు ప్రతిని ఆమెకు ముందే పంపాడు. ఇప్పుడు బాటను ఆకుపచ్చ పెన్సిలుతో గీశాడు. గేటు దగ్గర మొదలై, బావిని చుట్టి, ఉత్తరపు గోడ పక్కన వేపచెట్ల కింద మూడు మెలికలు తిరిగింది. మెలికల మధ్య పూలమడులు, దీపస్తంభాలు.

“ఈడ ఏముంది?” గోడ పక్కన వేలు పెట్టి అడిగాను.

“ఏం లేదు. ఖాళీ జాగ. అందుకే బాట జర అందంగ తిప్పిన.”

“ఆడ అత్తమ్మోళ్లు పడుగు సాపుతరు.”

ఆయన చేతిలో పెన్సిలు ఆగిపోయింది.

గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచు పట్టు. పట్టుకు గంజి అక్కర్లేదు, నూలుకు తప్పదు. పడుగు అంటే చీర నిలువు పోగులు. నాలుగు చీరలకు సరిపడా వేల పోగులను మగ్గానికి ఎక్కించే ముందు బారుగా సాగదీసి, గంజి పట్టించి, అవి ఆరేదాకా ఇటూ అటూ నడుస్తూ కుంచెలతో దువ్వాలి. ఏ పోగుకు ఆ పోగు విడిపోవాలి. దీన్నే పడుగు సాపడం అంటారు. దానికి వంకర లేని పొడవాటి జాగా కావాలి, ఎండ ముదరకముందే పని అయిపోవాలి. వెనకట మా వీధిలోనే సాపేవాళ్లు. సిమెంటు రోడ్డు పడ్డాక బండ్లు ఎక్కువయ్యాయి. రెండేళ్ల కింద ఎవరో మోటారు సైకిలుతో పడుగు మధ్యలోంచి దూసుకుపోయారు. ఒక ఇంటి నెల కష్టం రోడ్డు మీద చిక్కుపడి పోయింది. ఆ మర్నాడే మిల్లు కాపలాదారు మాసయ్య వచ్చి, “మా మిల్లుల ఎంత జాగన్న ఉన్నది, అండ్ల సాపుకోండ్రి” అన్నాడు. అప్పటి నుంచి మా వీధిలో ఎనిమిది మగ్గాల పడుగులూ అక్కడే.

ఇంత సంగతి ఇంట్లో మనిషికి తెలియకపోవడం ఎలా అంటే, అది మా ఇంటి ముద్దు వల్ల జరిగిన తప్పు. జగదీశ్ పదో తరగతిలో ఉన్నప్పుడు, “సదువుకునే పిల్లగాడు, పండనీయుండ్రి” అని అత్తమ్మ పడుగు పనికి ఆయనను లేపడం మానేసింది. తర్వాత వనపర్తి హాస్టలు, ఆ తర్వాత ఉద్యోగం. పదహారేళ్లయినా ఆ అలవాటు మారలేదు. ఆమె తెల్లవారుజామున వెళ్లి పని ముగించుకుని, ఆయన లేచేసరికి చాయ్ పెడుతూ కనిపించేది. నేతగాళ్ల కొడుకు తన తల్లి ఎక్కడ పడుగు సాపుతుందో తెలియకుండా దాని మీద పూలమడి గీశాడు.

“అమ్మా, జర ఇటు రా” అన్నాడు. అత్తమ్మ, ఆమె వెనక మామయ్య వెంకటేశం వచ్చారు.

“మిల్లు గోడకు పడుగు సాపుతరంట గద. నాకెందుకు చెప్పలె?”

“చెప్తే నీ చెయ్యి ఆగుతదని చెప్పలె” అంది అత్తమ్మ. “మొదటిసారి నీ పేరు మీద గీస్తున్నవు. ఆమె ఎట్ల చెప్తే అట్ల గియ్యి. మా సంగతి మేం చూసుకుంటం.”

“ఏం చూసుకుంటరు?”

మామయ్య కాగితం వైపు చూడకుండా చెప్పాడు. “మగ్గం తీసేస్తం. వడ్రంగి వెంకటయ్యకు చెప్పిన, ఉగాది ఎల్లినంక వచ్చి విప్పుతడు. మగ్గాల షెడ్డుల కూలికి నేస్త. ఆడ గంజి పెట్టిన నూలే వస్తది, పడుగు సాపే పనిలేదు. నాకు కండ్లు గూడ మునుపటి లెక్క లేవు.”

ఈ మాట నాకూ కొత్తే. వాళ్లిద్దరూ నిమ్మళంగా మాట్లాడుకుని, కొడుకు పని చెడకూడదని తమ మగ్గాన్ని వదులుకోవడానికి సిద్ధపడ్డారు. నా పెళ్లప్పుడు డిగ్రీ ఆఖరి ఏడు మిగిలి ఉంటే, “మగ్గం నేను నేస్త, కాలేజీ నువ్వు పో” అని పంపిన మనిషి అత్తమ్మ. ఆమెకు నేను చేసింది పడుగు రోజున పొద్దున్నే పది మందికి చాయ్ పెట్టి పంపడమే.

“రేపు పడుగు ఉన్నదా?” జగదీశ్ అడిగాడు.

“ఉన్నది.”

“నన్ను లేపు.”

సోమవారం అయిదున్నరకు మిల్లు గేటు దగ్గర మాసయ్య మమ్మల్ని చూసి, “ఓహో, ఇంజనీరు సారు గూడ వచ్చిండు! సూర్యుడు పడమట లేస్తడేమో” అన్నాడు.

గోడ పక్కన కర్రలు నాటి, పడుగును సాగదీసి, రెండు కొసలా మోకులు కట్టి బిగించారు. అత్తమ్మ గంజి పట్టించింది. నలుగురు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు రెండు పక్కలా నిలబడి దువ్వడం మొదలుపెట్టారు. అత్తమ్మ ఒక కుంచె కొడుకు చేతిలో పెట్టింది.

“గట్ల గీకుతవేంది, అది గాడిద వీపు కాదు. మెల్లగ, ఒక్క తీరుగ. ఆగొద్దు, ఆగితే గంజి గడ్డ కడతది.”

“నడుము నొస్తుందమ్మా.”

“ఇంక రెండు రౌండ్లు గూడ కాలె!” అంజమ్మ పక్క నుంచి పకపకా నవ్వింది. ఆమె మా ఎదురింట్లో నేస్తుంది. “పెన్సిలు కంటె కుంచె బరువున్నదా జగదీశూ?”

ఆయన నడిచాడు. ఈ కొస నుంచి ఆ కొసకు, మళ్లీ వెనక్కు. వెలుతురు వచ్చాక నేల వైపు చూసి ఒక్క క్షణం ఆగాడు. నేనూ చూశాను. మిల్లు జాగా అంతా పిచ్చిగడ్డి. పడుగుకు రెండు పక్కలా మాత్రం గడ్డిపోచ లేదు. రెండేళ్లు పాదాలు తొక్కి తొక్కి నేల గట్టిపడింది. గంజి చుక్కలతో అక్కడక్కడా తెల్లబడింది. తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉంది.

“బాట ఉండనే ఉన్నది సుహాసినీ” అన్నాడు. “నేనొచ్చి దాన్ని చెడగొడ్తున్న.”

పడుగు ఆరాక టేపు తీసి కొలిచాడు. ఎనభై నాలుగు అడుగులు. జేబులోంచి పుస్తకం తీసి అదే రాసుకుంటుంటే అత్తమ్మ చూసింది.

“అంతేనా? మరి మోకు యాడ కట్టాలె, నీ మెడకా? కొసకు నిలబడి గుంజే మనిషికి జాగ వద్దా? ఇటు పదడుగులు, అటు పదడుగులు రాసుకో.”

రాసుకున్నాడు. ఆ రోజూ మర్నాడూ ఆఫీసుకు సెలవు పెట్టి కొత్త కాగితం మీద మళ్లీ గీశాడు. వేపచెట్ల కింద నూట నాలుగు అడుగులు ఒక్క వంకర లేకుండా, మధ్యలో స్తంభం లేకుండా.

బుధవారం రేణుకమ్మ కర్నూలు నుంచి పొద్దుటి బండికి దిగింది. డెబ్బై దాటిన మనిషి, చేతికర్ర. మేం అంజమ్మ వాళ్ల పడుగు దువ్వుతుండగానే వచ్చేసింది. నేను ఫ్లాస్కులోంచి చాయ్ పోసి ఇచ్చాను. మాసయ్య కుర్చీ వేశాడు. జగదీశ్ కాగితం విప్పాడు. ఆమె గీతల వెంట వేలు పోనిస్తూ చూసింది.

“అంత మంచిగనే ఉన్నది. ఈ బాటనే రైలు పట్టా లెక్క చేసినవు. మొన్న పంపినదాంట్ల మెలికలు ఉండె గద? మా కోడలికి అదే నచ్చింది.”

జగదీశ్ పడుగు వైపు చెయ్యి చూపించాడు. “అమ్మా, మొన్నటిది తెల్వక గీసిన. ఈడ ఎనిమిది ఇండ్లోళ్లు పడుగు సాపుతరు. మెలికలు పెడితే వాళ్ల మగ్గాలు ఆగుతయి. మెలికలే కావాల్నంటే మీరు వేరేటోళ్లతోని గీయించుకోండ్రి. నేను గీయలేను.”

అత్తమ్మ చేతిలో కుంచె ఆగింది. ఆగకూడదని చెప్పిన మనిషే ఆగింది.

“అబ్బో, రోషమొచ్చె” అంది రేణుకమ్మ. “సరే, నేనొకటి అడుగుత. రేపు ఇండ్లు కొన్నోళ్లు పొద్దున నడవడానికి వస్తరు. వాళ్లకు వీళ్లు అడ్డం కాదా?”

ఆ లెక్క నాకు తెలుసు.

“అందరివి కలిపి వారానికి రెండు దినాలమ్మా. ఏడింటికల్ల మొత్తం చుట్టేస్తరు. వానకాలంల అది గూడ తక్కువే.”

“నువ్వెవరు?”

“వీళ్లింటి కోడలిని.”

“అంత కచ్చితంగ ఎట్ల చెప్తున్నవు?”

“ఎవరి పడుగు ఏ దినమో క్యాలెండరు మీద గుర్తు పెట్టుకుంట. పొద్దున ఎందరికి చాయ్ పెట్టాల్నో తెల్వాలె గద.”

రేణుకమ్మ నవ్వింది. కర్ర పట్టుకుని లేచింది. పడుగు పక్కన ఆ గట్టి నేల మీద మెల్లగా నడవసాగింది.

“కొంగు జర పైకి పట్టుకోండ్రి సావుకారమ్మా, గంజి అంటుతది” అంది అత్తమ్మ, మళ్లీ దువ్వుతూ ఆమె పక్కనే నడుస్తూ.

“మా ఆయన ఉన్నప్పుడు ఈడ పల్లీలు ఎండబెడుతుండిరి” అంది ఆమె. “ఆయన పోయినంక నేను ఇటు దిక్కు రాలె. ఈ జాగల మనుషులను చూసి శానా ఏండ్లాయె.”

“మాసయ్య పుణ్యం. మీ జాగ మీద రెండేండ్లు మా బువ్వ నడిచింది. మీకు చెప్పకుండ వాడుకున్నం, తప్పుగ అనుకోవద్దు.”

“మాసయ్య నాకు ఫోన్ల చెప్పిండు. రెండేండ్ల కిందనే. పిల్లగాడు ఊరు తెలిసి గీస్తడా అని చూస్తున్న” అంది రేణుకమ్మ.

మేమంతా మాసయ్య వైపు చూశాం. అతను గేటు వైపు చూస్తున్నాడు.

ఆ కొసదాకా వెళ్లి ఆమె రొప్పుతూ నిలబడింది. “జగదీశూ, ఈడ కూసునేటందుకు బల్ల ఏది?”

“ఒకటి పెడ్తనమ్మా.”

“ఒకటి కాదు, రెండు కొసలకు రెండు. నాసొంటోళ్లు నడిమిట్ల కూలబడొద్దు. మెలికలు కావాలంటే ఆ బావి దిక్కు పెట్టు. మా కోడలికి నేను చెప్పుకుంట. ఈ గోడ పక్కన బాట మాత్రం గిట్లనే ఉండాలె. కాగితం మీద అది ఎందుకు ఉన్నదో గూడ రాయి. రేపు నేను లేకున్నా చదివినోళ్లకు తెల్వాలె.”

జగదీశ్ అక్కడే నేల మీద కూర్చుని రాశాడు. “నేతపనివారు పడుగు సాపు స్థలం. స్తంభాలు నాటరాదు.” ఆమె అద్దాలు పెట్టుకుని చదివి, కింద సంతకం చేసింది. అంజమ్మ చెంగుతో కళ్లు తుడుచుకుని, “గంజి ఆవిరి” అంది. గంజి చల్లారి అప్పటికి గంటయింది.

మధ్యాహ్నం అందరం కలిసి తినడానికి కూర్చున్నాం. జొన్నరొట్టెలు, వంకాయ కూర, పప్పు. రేణుకమ్మను కూడా పిలిచాం గానీ బండి టైమయిందని వెళ్లిపోయింది. అత్తమ్మ కొడుకు పళ్లెంలో మూడో రొట్టె వేసింది. ఆయన చేతులు నొప్పి పుట్టి రొట్టె తుంపడానికి అవస్థ పడుతున్నాడు. ఎవరి ముఖంలోనూ దిగులు మాత్రం లేదు.

మామయ్య మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాడు.

“వచ్చే తొవ్వల వెంకటయ్య ఇంటికి పోయిన” అన్నాడు. “రావొద్దని చెప్పిన. మగ్గం తియ్యం.”

“నన్ను అడగవా?” అంది అత్తమ్మ.

“అడుగుతలేను, చెప్తున్న. ఇంకొకటి గూడ చెప్త, ఇను. సోమవారం కర్నూలు పోయి కండ్లు చూపించుకుంట. అద్దాలు పెట్టుకొమ్మంటే పెట్టుకుంట. నాలుగు చీరల పడుగుకు నూలు గూడ చెప్పొచ్చిన.”