రేకు మీద ఎండిన నీళ్ళు

సుంకప్ప తువ్వాలును నాలుగు మడతలు వేసి రేడియేటర్ మూతి మీద పరిచి, కడవలోని తీపి నీళ్ళను చెంబుతో ముంచి దాని మీదుగా పోస్తున్నాడు. గోరంట్ల నుంచి హిందూపురం పోయే పొద్దుటి బస్సు రోజూ అతని షెడ్డు ముందు ఆగేది ఆ నీళ్ళ కోసమే. ఒక్క చుక్క నేల మీద పడలేదు. బస్సు కదిలాక నడుము నిలబెట్టడానికి అతనికి చాలాసేపు పట్టింది. పాదాలు రెండూ ఉబ్బి, చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి.

సంగటి గిన్నెతో తిప్పమ్మ వెనక నిలబడి చూస్తోంది. రెండు మైళ్ళ అవతల కొండ కింది ఊట నుంచి ఆ కడవ మోసుకొచ్చేది ఆమే.

"ఇంజన్లకు తీపి నీళ్ళు, మొగునికి చౌడు నీళ్ళు. నీ రాజ్జెంలో న్యాయం శానా బాగుండాది" అంది.

"నాకేమైతాది మే? నేనేమన్నా ఇనుమా?"

"ఇనుమైనా బాగుండు. అప్పుడన్నా రొన్ని మంచి నీళ్ళు పోసుకుంటువి."

సుంకప్ప గిన్నె అందుకుని గడపలో కూర్చున్నాడు. మూత్రపిండాలు చెడుతున్నాయి, ఊరి బావి చౌడు నీళ్ళు మానుకో అని హిందూపురం డాక్టరు చెప్పి నెల దాటింది. సరేనని తల ఊపి వచ్చాడు. వచ్చి మళ్ళీ ఆ నీళ్ళే తాగుతున్నాడు.

ఈ సీమలో తీపి నీళ్ళు గొంతుకు, చౌడు నీళ్ళు మిగతా అన్నిటికీ. పుట్టినప్పటి నుంచి అందరికీ తెలిసిన లెక్క అది. సుంకప్ప కూడా ఒకప్పుడు అలాగే నడిచాడు. ఇరవై ఏళ్ళ కిందట, యుద్ధం రోజుల్లో, కదిరి బస్సుకు ఊరి బావి నీళ్ళు పోస్తూ వచ్చాడు. నీళ్ళు నీళ్ళే కదా అనుకున్నాడు. లోపల సున్నం పేరుకుంది. ఒక మధ్యాహ్నం బస్సు దారిలో ఉడికిపోయింది. డ్రైవరు ఎర్రప్ప దిగి మూత తిప్పాడు. ఎగదన్నిన ఆవిరికి రెండు కళ్ళూ పోయాయి. ఎర్రప్ప ఇప్పుడు తనకల్లులో కూతురింట అరుగు మీద కూర్చుని ఉంటాడు. సుంకప్పను ఏనాడూ ఒక్క మాట అనలేదు. అననందుకే సుంకప్ప ఆ లెక్కను తిరగేశాడు. అప్పటి నుంచి తీపి నీళ్ళు ఇంజనుకు, చౌడు నీళ్ళు తన గొంతుకు. ఎందుకని ఎవరికీ చెప్పలేదు. తిప్పమ్మకు చెప్పకుండానే తెలుసు. అందుకే ఎంత సణిగినా కడవ మోయడం మానలేదు.

పది గంటల పొద్దుకు రెండు కార్లు షెడ్డు ముందుకొచ్చాయి. పైకప్పు లేని కార్లు, నేలకు జానెడు ఎత్తులో, ఇద్దరికి మాత్రం చోటు. ఒకటి ఎర్రది, మొహం చూసుకునేంత నునుపు. రెండోది పచ్చది, రంగు వెలిసి, తోలు సీట్లు చినిగి ఉంది. ఎర్రదాన్ని నడుపుకుంటూ వచ్చినవాడు వేరుశనక్కాయల మిల్లు యజమాని కొడుకు హనుమంతరాయుడు. ఇరవై ఆరేళ్ళు. వచ్చే ఏడు బెంగుళూరులో విమానాల మైదానం మీద జరిగే పందెంలో తోలాలని అతని ఆశ. పచ్చదాన్ని తెచ్చినవాడు దలాలి వీరప్ప. రెండిట్లో రాయుడు కొనే కారు ఇక్కడ నిలవాలి, రెండోది సాయంత్రానికి వెనక్కి పోవాలి. నిలిచినదాని ఇంజను విప్పి, హెడ్డు సానపట్టి, రెండు కార్బొరేటర్లు బిగించి, వేగాన్ని గంటకు నూరు మైళ్ళు దాటించే పని సుంకప్పది.

"రెండిట్లో ఏదో ఒగటి చెప్పు మేస్త్రీ" అన్నాడు రాయుడు. "నేను ఎర్రదాని మింద మనసు పడినాను, అది వేరే మాట."

"మనసు పడినంక నన్నేంటికి అడుగుతావప్పా? అయ్యవారిని పిలుచుకోనొచ్చి తాళి కట్టు."

వీరప్ప పెద్దగా నవ్వాడు. "ఎర్రది దొరసాని చేతిలో పెరిగింది మేస్త్రీ. బెంగుళూరు పొలిమేర దాటలేదు. పచ్చదాని సంగతి నువ్వే చూస్తాండావు కదా, ఎలుకలు కాపరం చేసినాయి."

ఎర్రది తాకగానే లేచి, తుమ్మెదలా సన్నగా పాడింది. పచ్చది మూడుసార్లు హ్యాండిల్ తిప్పితే గాని లేవలేదు. లేచి నీలం పొగ కక్కింది.

"ఇంగేం చూసేది?" అన్నాడు రాయుడు.

"పొగకు మందుండాది. రింగులు మారిస్తే పోతాది. రొంతసేపు గమ్మునుండు."

రెండు ఇంజన్లూ చల్లబడేదాకా సుంకప్ప బీడీ తాగాడు. తర్వాత షెడ్డు వెనక నుంచి నల్లటి ఇనప రేకు ఒకటి ఈడ్చుకొచ్చి ఎండలో వేశాడు. వంగలేక మోకాళ్ళ మీద పాకి, ఒక్కొక్క రేడియేటర్ కింది కుళాయి విప్పి, దోసిట్లో పట్టిన నీళ్ళు రేకు మీద వేరువేరుగా పోశాడు. ముగ్గురూ నీడలో నిలబడి చూశారు. చైత్రం ఎండ. నీళ్ళు చూస్తుండగానే ఇగిరిపోయాయి.

పచ్చదాని నీళ్ళు ఎండినచోట లేత తుప్పు మరక మిగిలింది. ఎర్రదాని నీళ్ళు ఎండినచోట తమలపాకు మీద సున్నం రాసినట్టు తెల్లటి వలయం.

సుంకప్ప వేలితో ఆ తెలుపును తీసి నాలుకకు అంటించుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"బెంగుళూరు నీళ్ళు కావివి వీరప్పా. నేను దినామూ తాగేటి చౌడు నీళ్ళు."

వీరప్ప రోడ్డు వైపు చూశాడు. "కదిరిలో ఒగ కంట్రాక్టరు తాన రెండేండ్లు ఉండె" అన్నాడు.

"కడిగితే పోదా?" రాయుడి చెయ్యి ఎర్ర కారు తలుపు మీదే ఉంది.

"రొంత పోతాది. ఎంత మిగిలిందో లోపలికి దూరి చూసొచ్చేటోడు లేడు. ఇప్పుడు మెల్లగ పోతాండాది కాబట్టి తట్టుకుంటాండాది. మనం బిగిస్తే ఉడుకు రెట్టింపైతాది. నీళ్ళు పారే దావలు సున్నంతో పూడుకోనుంటే ఇంజను పట్టేస్తాది. నూరు మైళ్ళ మింద పట్టేస్తే చక్రాలు బిగుసుకుంటాయి. నువ్వు యాడ పడతావో నాకు తెలీదు." సుంకప్ప చేతులు తుడుచుకున్నాడు. "ఎర్రప్ప కండ్లు పోగొట్టింది నేనే. ఇంగోసారి నాతో కాదు నాయనా."

అతను అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం తిప్పమ్మ ఎరగదు. షెడ్డు తలుపు దగ్గరే నిలబడిపోయింది.

రాయుడు ఎర్ర కారు వైపు చాలాసేపు చూశాడు. తర్వాత తలుపు మీది చెయ్యి తీశాడు.

"పచ్చదాన్నే ఇడిసిపో వీరప్పా."

ఎర్ర కారు దుమ్ము లేపుకుంటూ పోయింది. సుంకప్ప పచ్చదాని పాత నీళ్ళన్నీ వదిలేశాడు. రాయుడు ఊరి బావి నుంచి బక్కెట తేబోతే చెయ్యి అడ్డం పెట్టి, షెడ్డు మూల ఉన్న రెండో కడవ వైపు చూశాడు. డాక్టరు మాట విన్న నాటి నుంచి తిప్పమ్మ రోజుకు రెండు కడవలు మోస్తోంది.

"అది నీకు తెచ్చింది" అంది తిప్పమ్మ.

"కొత్తగా వచ్చిన బండి మే. మొదటి నీళ్ళు. విప్పేముందర లోపల కడగల్ల."

ఆమె ముందుగా ఇత్తడి చెంబు నిండా ముంచి కిటికీ గూట్లో పెట్టింది. "ఇది బండికి పోసినావంటే చూడు. నువ్వే తాగల్ల." మిగతా కడవ తువ్వాలు మీదుగా పచ్చ కారులోకి పోయింది.

మధ్యాహ్నమంతా సుంకప్ప ఇంజను విప్పుతూ, ఒక్కొక్క బోల్టునూ గోనె మీద వరసగా పేర్చాడు. దాహమైనప్పుడు లేచి, మూలనున్న చౌడు నీళ్ళ కుండలోనే ముంచుకున్నాడు. పొద్దు వాలేవేళ, రొంత ఆనుకుంటానని పచ్చ కారు చక్రానికి వీపు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. తిప్పమ్మ వచ్చి రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవకుండా పక్కన కూర్చుని, అతని వేళ్ళ మధ్యనున్న స్పానరును మెల్లగా తీసి గోనె మీద, వరస చెడకుండా పెట్టింది.

మర్నాడు సుంకప్పను మట్టి చేశారు. కూతురి భుజం పట్టుకుని ఎర్రప్ప తనకల్లు నుంచి వచ్చాడు. ఎవరూ చెప్పకుండానే వంగి, తడుముకుని, గుప్పెడు మన్ను తీసి వేశాడు.

షెడ్డు తలుపు మళ్ళీ తీసింది పదకొండో దినం గడిచాకే. రాయుడు పచ్చ కారును తోయించుకుపోవడానికి మనుషులతో వచ్చాడు. కారు కదిలిపోయాక తిప్పమ్మ కిటికీ దగ్గరికి నడిచింది. చెంబు పెట్టినచోటే ఉంది. అన్నాళ్ళ ఎండకు నీళ్ళు మొత్తం ఇగిరిపోయాయి. లోపల ఇత్తడి అడుగు తళతళలాడుతోంది, ఎక్కడా ఒక్క తెల్ల చార లేదు.