చల్లారని గాజు

పంతొమ్మిది వందల యాభై మూడులో, చార్మినార్ పక్క గల్లీలో చంద్రమ్మ దగ్గర లక్కగాజుల పని నేర్చుకున్నది మేమిద్దరమే: నేను, ఇశ్రాయేలు. వాడి పొగరు చూస్తే నాకు ఒళ్లు మండేది. ఒకరోజు పెళ్లికూతురి జత కోసం చంద్రమ్మ చెరో గాజు చేయమంది. ఎవరిది బాగుంటే కుంపటి పక్క పీట వాళ్లది. వాణ్ని ఓడించాలని పంతం పట్టి చేశాను.

లక్క అరగంటలో చల్లారిపోతుంది. తెల్లారి చూస్తే వాడి గాజు ఇంకా వేడిగానే ఉంది!

"లక్క ఖరాబు చేసినవ్!" అని ఎగిరాను.

"ఖరాబు గాలే రాజమణీ," అంది చంద్రమ్మ. "చేసెటప్పుడు మనసుల ఎవరన్న ఉంటే లక్క సల్లారదు. ఎవరు రా ఆమె?"

వాడు తల దించుకుని నావైపు వేలు చూపించాడు.

ఇది ఎగతాళా, నిజమా? తిట్టాలా, నవ్వాలా? "నాది ఎట్ల సల్లగున్నదో చూడు!" అంటూ పెట్టెలోని నా గాజు అందుకున్నాను.

వేళ్లు చురుక్కుమన్నాయి.

వాణ్ని ఓడించాలని తప్ప ఆ పూటంతా నేనింకేమీ అనుకోలేదే!