బాదు, గీరు

బహ్రెయిన్‌లో, మనామా పాత సూక్ బజారు వెనక ఒక ముత్యాల వర్తకుడి ఇల్లుండేది. 2006లో దాన్ని లగ్జరీ ఫ్లాట్లుగా మార్చే పని మా కంపెనీకి వచ్చింది. ముత్యాలు ఏనాడో పోయాయి, మిగిలిన ముచ్చటల్లా మిద్దె మీదుంది: నాలుగు వైపులా నోళ్లు తెరిచిన గోపురం. ఎటునుంచి గాలి వీచినా పట్టి కింది గదుల్లోకి దింపుతుంది. పేరు బాద్‌గీర్. ఇల్లంతా ఏం చేసుకున్నా సరే, దాన్ని మాత్రం ముట్టుకోకూడదన్నది యజమానుల షరతు.

అక్కడ ఫోర్‌మన్‌ని నేనే, నాగేంద్రబాబుని. నా నోరూ బాద్‌గీర్ లాంటిదే. ఎటునుంచి మాట వచ్చినా పట్టి జోకుగా దింపాల్సిందే. సున్నం మేస్త్రీని సున్నా మేస్త్రీ అనేవాణ్ణి. గచ్చు పెచ్చులూడితే "దీనికిక గచ్చంతరం లేదు" అని అరిచేవాణ్ణి.

తుని నుంచి కొత్తగా లోవరాజు వచ్చాడు. నలభై ఏళ్ల తాపీ మనిషి. హిందీ రాదు, అరబ్బీ రాదు.

"అందరూ బాద్‌గీర్, బాద్‌గీర్ అంటన్నారు. అంటే ఏంటండి మేస్త్రిగారూ?"

"అచ్చ తెలుగేనయ్యా! సుత్తితో బాదు, రేకుతో గీరు. మనం చేసేదదేగా!"

పదిమందీ పగలబడి నవ్వారు. లోవరాజు నవ్వలేదు. "ఆయ్" అని తలూపాడు. పాఠం నేర్చుకున్నవాడి తలూపు అది. నేను చూశాను. తర్వాత చెబుదాంలే అనుకున్నాను.

వారం తిరిగింది. తలుపుల కొలతల పని మీద నేను హూరా పేటకి వెళ్లిన పొద్దున, మా హైదరాబాదీ ఇంజనీరు ఆతిఫ్ సాబ్ మిద్దె వైపు చెయ్యి చూపించి, "లోవరాజు, పహలే బాద్‌గీర్! యల్లా!" అని, ఫోను మోగితే వెళ్లిపోయాడట. ముందు దానికి ఊతకర్రలు పెట్టి పట్టాలు కప్పమని ఆయన భావం.

కింది గదుల్లో గోడలు కొట్టే హోరులో మిద్దె మీది చప్పుడు ఎవరికీ పట్టలేదు. సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి లోవరాజు ఒళ్లంతా తెల్లటి దుమ్ముతో మెట్లు దిగుతున్నాడు.

"మూడు నోళ్లూ బాదేశానండి. నాలుగోది గీరాలండి. పాతకాలం పని కదండీ, ఏం గట్టండి బాబూ!"

మెచ్చుకుంటానని నిలబడ్డాడు. వెనక వాకిట్లో వందేళ్ల సముద్రపు రాయి, నగిషీ గచ్చు గుట్టగా పడున్నాయి.

ఆతిఫ్ సాబ్ పరుగెత్తుకొచ్చాడు. "కూలగొట్టమని నీకెవరు చెప్పిన్రు? కౌన్ బోలా?"

లోవరాజు నావైపు చూశాడు. కోపం లేదు. తెలుగేనన్నారు కదండీ, అన్నట్టుంది ఆ చూపు. "తప్పు నాది సార్" అంటే మూడు మాటలు. రోజుకి మూడువేలు వాగే నోటికి ఆ మూడూ రాలేదు.

"నాకే సరిగ్గా తెలీలేదండి," అన్నాడు లోవరాజు.

వీసా ఇచ్చిన కఫీల్ ఖలాస్ అన్నాడు, ఇక ఇంటికి పొమ్మని. నాలుగో రోజున వ్యానులో అతన్ని ఎయిర్‌పోర్టులో దింపింది నేనే. బ్యాగు అందుకుంటూ అడిగాడు.

"ఇంతకీ ఆ మాటకి అర్థమేంటండి?"

"గాలి పట్టేది, లోవరాజూ."

"అలాగాండి," అని బ్యాగు భుజాన తగిలించుకున్నాడు. "ఆ ముక్క ముందే చెప్పుంటే చెయ్యేసేవాణ్ణి కాదు కదండీ."

ఇప్పుడు ఆ మిద్దె మీద సిమెంటు బాద్‌గీర్ ఉంది. నేనే దగ్గరుండి కట్టించాను. నాలుగు నోళ్లూ మూసేసి, లోపల ఏసీ యంత్రాలు పెట్టారు. కొత్త మేస్త్రీలు అదేంటండీ అని అడుగుతుంటారు.

"గాలి పట్టేది," అంటాను. ఎవరూ నవ్వరు.